మా ఊరి గోల్ఫ్ క్లబ్‌హౌస్: మూడున్నర స్టార్లు, ఒక ప్లాస్టిక్ బకెట్టు

ముందే చెప్పేస్తాను, నేను గోల్ఫ్‌లో మొనగాణ్ణి కాను. నాలుగేళ్ల క్రితం ఆఫీసులో అందరూ ఆడుతున్నారని సెకండ్‌హ్యాండ్ సెట్టు ఒకటి కొనుక్కుని మొదలుపెట్టాను, ఇప్పటికీ వంద దెబ్బల్లోపు పద్దెనిమిది హోల్స్ (అంటే ఒక పూర్తి ఆట, దెబ్బలు ఎంత తక్కువైతే అంత గొప్ప) పూర్తిచేసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి ఇది కోర్సు రివ్యూ కాదు. గ్రీన్లు (హోల్ చుట్టూ నున్నగా కోసిన గడ్డి) ఎంత స్పీడు, బంకర్లలో (ఇసుక గుంటల్లో) ఇసుక ఎలా ఉంది అని రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను రాస్తున్నది పార్కింగ్ లాట్ చివర, చూరు నేలకి దిగిపోతున్నట్టుండే ఆ పాత క్లబ్‌హౌస్ గురించి. దాన్ని ఉంచాలా కూల్చాలా అని సిటీవాళ్లు ఏడాది నుంచి నానుస్తున్నారు, ఆ మీటింగులకి నేనూ రెండుసార్లు వెళ్లొచ్చాను. ఊరి పేరు మాత్రం రాయను. సిటీ ఆఫీసులో ఇద్దరు ముగ్గురు నాకు మొహమెరిగినవాళ్లు, పైగా వ్యవహారం ఇంకా తేలలేదు. అమెరికాలో, శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో, ఈస్ట్ బే వైపు ఎక్కడో అనుకోండి చాలు.

ఇండియాలో ఉన్నవాళ్ల కోసం ఒక మాట. మనకి గోల్ఫ్ అంటే ఆర్మీ ఆఫీసర్లు, పెద్ద పెద్ద కంపెనీల వాళ్లు, గేటు దగ్గర సెల్యూట్ కొట్టే వాచ్‌మన్. హైదరాబాద్‌లో ఉన్న ఆరేళ్లలో గోల్కొండ నయా ఖిలా పక్కనున్న కోర్సుని బయట రోడ్డు మీద నుంచి చూడటమే తప్ప లోపలికి వెళ్లే ఆలోచన కూడా రాలేదు. ఇక్కడ మాత్రం ఊరి పార్కు, ఊరి స్విమ్మింగ్ పూల్ ఉన్నట్టే ఊరి గోల్ఫ్ కోర్సు కూడా ఉంటుంది, మున్సిపాలిటీదే, డబ్బు కట్టి ఎవరైనా ఆడొచ్చు, మెంబర్‌షిప్పులూ సిఫార్సులూ ఏమీ అక్కర్లేదు. ముద్దుగా ‘మ్యూనీ’ అంటారు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో వాన్ కోర్ట్‌లాండ్ పార్కులో 1895లో తెరిచిన కోర్సు దేశంలో మొదటి పబ్లిక్ కోర్సట. ఇప్పటికీ 1 నంబరు సబ్‌వే రైలు చివరి స్టేషన్లో దిగి, బ్యాగు భుజాన వేసుకుని నడిచిపోతారు. మన సిటీ బస్సులో క్రికెట్ కిట్టు వేసుకుని వెళ్లే కుర్రాళ్లలా.

మాది అంత చరిత్ర ఉన్నదేం కాదు. 1960ల్లో అమెరికా అంతటా ఊళ్లు శివార్లకి పాకుతున్నప్పుడు కట్టిన వందల కోర్సుల్లో ఒకటి. క్లబ్‌హౌస్ కూడా అప్పటిదే. ఒకే అంతస్తు, పొడుగ్గా రేకుల షెడ్డులా ఉంటుంది కానీ రేకులు కాదు. లోపలికి వెళ్లగానే గోధుమరంగు చెక్క పలకల గోడ, రాతితో కట్టిన పెద్ద ఫైర్‌ప్లేసు, పక్కనే గాజు బీరువాలో కప్పులు. గోడ మీద బోర్డుల నిండా ఏటా గెలిచినవాళ్ల పేర్లు బంగారు రంగు అక్షరాల్లో ఉంటాయి. మొదటి పాతికేళ్ల పేర్లన్నీ ఒకే తీరు, ఆ తర్వాత మెల్లిగా ఒక చైనా పేరు, ఒక ఫిలిప్పీన్స్ పేరు, ఈమధ్య ఒక పటేల్. తెలుగువాడు ఇంకా ఎక్కలేదు, నా వల్ల మాత్రం ఎక్కడు. కార్పెట్టు ఒకప్పుడు పచ్చదే అయ్యుండాలి. ఇప్పుడు తలుపు నుంచి కౌంటరు దాకా అరవై ఏళ్ల స్పైకుల బూట్లు తొక్కి తొక్కి నల్లటి కాలిబాట ఒకటి పడింది. ఎవరైనా కొత్తవాళ్లొచ్చి టీ టైమ్ (తాగే టీ కాదు, ఆట మొదలుపెట్టే సమయం) ఎక్కడ రాయించుకోవాలి అని అడిగితే ఆ బాట పట్టుకుని వెళ్లమని చెప్తే చాలు.

ఇక తిండి. ఇక్కడే ఒక స్టార్ పోయింది. పొద్దున ఆరుంబావుకి కిచెన్ తెరుస్తారు, బ్రేక్‌ఫాస్ట్ బరిటో 11 డాలర్లు, గుడ్డు బంగాళాదుంప చీజు వేసి చేయి బరువు తూగేలా చుట్టి ఇస్తారు. అది బాగుంటుంది, ఒప్పుకోవాలి. ఆ తర్వాత మెనూలో ఉన్నదంతా ఫ్రీజర్లోంచి నూనెలోకి దూకే సరుకే. వెజిటేరియన్ ఏముంది అంటే కౌంటర్లో అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి ‘ఫ్రైస్’ అంటుంది, ఇంకాస్త ఆలోచించి ‘ఆనియన్ రింగ్స్’ అంటుంది. కాఫీ గంటల తరబడి వేడిపళ్లెం మీద కాగి కాగి కషాయం అయిపోతుంది. తొమ్మిది హోల్స్ అయ్యాక మధ్యలో ఆగి హాట్‌డాగ్ తీసుకునే కిటికీ ఒకటి ఉంది, దాని తలుపు సగం వరకే లేస్తుంది, వంగి ఆర్డరివ్వాలి. మొదటిసారి నేను ఆ వంగడం చూసి వెనకాలాయన ‘ఇక్కడ అందరూ దండం పెట్టే తినాలి’ అన్నట్టు ఏదో అన్నాడు.

బాత్రూముల గురించి ఎక్కువ రాయను. మగవాళ్ల వైపు ఒకటే గది, దాని గడియ పనిచేయదు, లోపలున్నవాళ్లు కూనిరాగం తీయాలి. ఆడవాళ్ల వైపు ఇంకా ఘోరం అని మా ఆవిడ. వీల్‌చైర్లో వచ్చేవాళ్లకి ముందు తలుపు దగ్గర ఒక చెక్క ర్యాంపు తర్వాతెప్పుడో తగిలించారు, దాని ఏటవాలు చూస్తే బ్రేకులున్న మనిషి కూడా జారతాడు. ఇవన్నీ కలిపి ఇంకో అర స్టార్.

అయినా మూడున్నర ఎందుకిస్తున్నానంటే, పొద్దున ఏడింటికి ఆ గదిలో ఉండే జనం వల్ల. వాళ్లలో సగంమంది గోల్ఫ్ ఆడరు. ఒకప్పుడు ఆడి మోకాళ్లు పోయి మానేసినవాళ్లు, భార్యలు పోయి ఇంట్లో ఒక్కళ్లే ఉండలేక వచ్చేవాళ్లు, రాత్రి షిఫ్టు దిగి ఇంటికెళ్లేముందు కూర్చునే నర్సులు ఇద్దరు, బయట పుటింగ్ గ్రీన్ మీద హైస్కూల్ పిల్లల్ని దింపి కాఫీ తాగే తల్లులు. ఒక కాఫీ కొంటే రెండు గంటలు కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు. మీరు ఈ దేశంలో ఎన్నాళ్ల నుంచి ఉన్నారో తెలీదు కానీ, పెద్దగా డబ్బు ఖర్చు పెట్టకుండా, దేవుడి పేరు చెప్పకుండా నలుగురు ముసలివాళ్లు రోజూ కూర్చోగలిగిన చోటు ఇక్కడ దొరకడం ఎంత కష్టమో మా మామయ్యగారు వచ్చాకే నాకు తెలిసొచ్చింది.

మామయ్యగారిది దివిసీమ, అవనిగడ్డ దగ్గర. మున్సిపల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఆయన నీళ్లు తాగని మున్సిపాలిటీ లేదు. ఆర్నెల్ల కోసం వచ్చి, రెండో వారానికే ఇంట్లో గోడలు చూసి చూసి విసుగెత్తి, ఒక శనివారం పొద్దున ‘ఎక్కడికో పోతున్నారుగా అల్లుడుగారూ, నేనూ వస్తా’ అని స్వెట్టరు తొడుక్కుని కారెక్కేశారు. నేను ఆడుతుంటే చూస్తారేమో అనుకున్నాను. ఆయన క్లబ్‌హౌస్‌లోకి అడుగుపెట్టి తల పైకెత్తారు, అంతే, నేను పద్దెనిమిది హోల్స్ తిరిగొచ్చేసరికి కూడా తల దించలేదనిపించింది.

కిటికీ పక్క మూడో బల్ల దగ్గర సీలింగు మీద పెద్ద గోధుమరంగు మరక ఉంది, దాని కింద నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టు ఎప్పుడూ ఉంటుంది, అందులో వాడేసిన స్కోరు కార్డులు పడేస్తుంటారు. నేను దాన్ని చెత్తబుట్ట అనుకునేవాణ్ణి నాలుగేళ్లుగా. ఆయన ఆ మరక చుట్టూ అంచుల్ని చూశారు, చేతికర్రతో గోడ మీద అక్కడక్కడా తట్టి చెవి పెట్టారు, బయటికొచ్చి చూరు కింద నడిచారు. ‘ఇది పైకప్పు లీకు కాదు బాబూ. వాన నీళ్లు పోయే దారి మూసుకుపోయి వెనక్కి తన్నుతున్నాయి. అటు చూడు.’ చూశాను. చూరు అంచున వాన నీళ్లు పట్టే గట్టర్లో నల్లటి ఆకుల మట్టి నిండిపోయి, అందులోంచి జానెడు ఓక్ మొలక ఒకటి నిక్కబొడుచుకుని ఉంది. మన దగ్గరైతే రావిమొక్క మొలిచేది. ‘నిచ్చెన, ఇద్దరు కూలీలు, ఒక్క పూట’ అన్నారాయన. ఆ బిల్డింగు పైకప్పు పూర్తిగా పోయిందని సిటీకి కన్సల్టెంట్లు రిపోర్టిచ్చారు, మీటింగులో స్లైడ్లు కూడా చూపించారు. ఇద్దరిలో ఎవరు కరెక్టో తేల్చడానికి నేను ఇంజనీర్ని కాను, సాఫ్ట్‌వేర్‌వాణ్ణి. కానీ ఆ మొలకని మాత్రం నా కళ్లతో చూశాను.

ఇక్కడ కొంచెం సిటీ వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. చాలా ఊళ్లలో గోల్ఫ్ కోర్సు ఖర్చు మామూలు బడ్జెట్లోంచి రాదు, దానికో వేరే ఖాతా ఉంటుంది, ఆడేవాళ్లు కట్టిన ఫీజుల్లోంచే జీతాలు, నీళ్ల బిల్లు, మోటార్లు, గడ్డి కోసే మెషిన్లు అన్నీ వెళ్లాలి. కాలిఫోర్నియాలో కరువొచ్చిన ఏడు నీళ్ల బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. అప్పుడు మొదట కోత పడేది బిల్డింగు మరమ్మతులకే, ఎందుకంటే గడ్డి ఎండిపోతే ఆ వారమే జనం రావడం మానేస్తారు, చూరు కుళ్లితే పదేళ్ల దాకా ఎవరూ అడగరు. అలా వాయిదా వేసి వేసి చివరికి చేయిద్దామన్నా, చిన్న పని చిన్న పనిలా ఉండదు. ప్రభుత్వ పని కాబట్టి కూలి రేట్లు సర్కారు నిర్ణయించినవే ఇవ్వాలి. కిచెన్ ముట్టుకుంటే పైన పొగగొట్టం, మంటలార్పే ఏర్పాటు ఇప్పటి రూల్సుకి రావాలి. పెద్ద రిపేరు పెట్టుకుంటే దాంతోపాటు ర్యాంపు, బాత్రూములు కూడా సరిచేయాల్సిందే. కార్పెట్టు లేపితే కింద తొమ్మిదంగుళాల పాత టైల్స్ ఉంటాయి, ఆ కాలం టైల్స్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండటం మామూలు, దాన్ని తీయడానికి మూతులకి మాస్కులు కట్టుకుని ప్రత్యేకంగా మనుషులు రావాలి. నిచ్చెన, ఇద్దరు కూలీలు అనే లెక్క అవనిగడ్డలో నడుస్తుంది, ఇక్కడ నడవదు. ఈ మాట మామయ్యగారితో అంటే ‘గట్టరు ఊడ్చడానికి కూడానా?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు సిటీ బల్ల మీద మూడు దారులున్నాయి. ఉన్నదాన్నే బాగుచేయడం ఒకటి. ఇంకొకటి, మొత్తం కూల్చేసి కొండవైపు గాజు గోడలతో కొత్తది కట్టి, పెళ్లిళ్లకీ కంపెనీ పార్టీలకీ పెద్ద బ్యాంక్వెట్ హాలు పెట్టి, నడపడానికి ఏదో కంపెనీకి లీజుకివ్వడం. మూడోది ఎవరూ గట్టిగా అనరు కానీ ప్రతి మీటింగులో వెనక వరసలోంచి వినిపిస్తుంది, అసలు తొమ్మిది హోల్స్ తీసేసి ఇళ్లు కట్టేయొచ్చుగా అని. అది వెర్రి ప్రశ్నేం కాదు. పద్దెనిమిది హోల్స్‌కి వంద ఎకరాలకి పైనే కావాలి, బే ఏరియాలో టీచర్లకీ నర్సులకీ ఇల్లు దొరక్క రెండు గంటలు డ్రైవ్ చేసి వస్తున్నారు. మున్సిపల్ గోల్ఫ్ కోర్సుల్ని ఇళ్ల స్థలాలుగా మార్చే ఊళ్లకి సాయం చేద్దామని కాలిఫోర్నియా అసెంబ్లీలో 2021లో ఒకసారి, 2022లో ఇంకోసారి బిల్లు పెట్టారు, రెండూ చట్టం కాలేదు. గోల్ఫ్ వాళ్లు దాన్ని తల్చుకుంటే ఇప్పటికీ ఉలిక్కిపడతారు. నాకు మాత్రం ఆ మూడో దారి మీద కన్నా రెండో దారి మీదే ఎక్కువ భయం, ఎందుకో చెప్తాను.

దానికి ముందు పసిఫికా అనే సముద్రం ఒడ్డు ఊరి సంగతి. పాత క్లబ్‌హౌస్‌లని ఎలా ఉంచుతారో మామయ్యగారికి చూపిద్దామని తర్వాతి ఆదివారం అక్కడి షార్ప్ పార్కు గోల్ఫ్ కోర్సుకి తీసుకెళ్లాను. మీరు శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలుంటే, గోల్ఫ్ ఆడకపోయినా సరే, ఒకసారి వెళ్లండి. దాని కథే తమాషా. కోర్సు ఉన్నది పసిఫికా ఊళ్లో, సొంతదారు మాత్రం శాన్ ఫ్రాన్సిస్కో సిటీ, విజయవాడ కార్పొరేషన్‌కి గుంటూరులో పార్కు ఉన్నట్టు. 1917లో హోనోరా షార్ప్ అనే ఆవిడ ఎస్టేటు నుంచి ఆ భూమి సిటీకి వచ్చింది, జనానికి పార్కుగానో ఆటస్థలంగానో వాడాలని షరతు. కోర్సు గీసినాయన అలిస్టర్ మెకంజీ. మాస్టర్స్ టోర్నమెంటు జరిగే అగస్టా కోర్సుని ఆ కాలపు గోల్ఫ్ దిగ్గజం బాబీ జోన్స్‌తో కలిసి గీసింది ఈయనే. చదివింది డాక్టరీ, మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి శత్రువు కంటికి కనపడని కందకాలు ఎలా తవ్వాలో చెప్పిన మనిషి, ఆ విద్యే బంకర్ల మీద వాడాడంటారు. అగస్టాలో మనలాంటివాళ్లని ఆడనివ్వరు. అదే చేతి పని షార్ప్ పార్కులో 1932 నుంచి మామూలు జనం తొక్కుతున్నారు.

అక్కడి క్లబ్‌హౌస్ తెల్ల గోడలు, ఎర్ర పెంకులు, స్పానిష్ పద్ధతి. పెంకుటిల్లు చూడగానే మామయ్యగారి మొహం విప్పారింది. మేం వెళ్లిన రోజు సముద్రపు పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే పార్కింగ్ నుంచి తలుపు కనపడలేదు, లోపల కూర్చుని కాఫీ పట్టుకుంటే గానీ వేళ్లు కదల్లేదు. కోర్సులో కొన్ని హోల్స్ హైవే 1కి అవతలి వైపున్నాయి, రోడ్డు కింద నుంచి సొరంగంలా దారి ఉంటుంది. మెకంజీ మొదట కొన్ని హోల్స్ సముద్రం ఒడ్డునే పెట్టాడు, తుఫాన్లు వాటిని కొట్టుకుపోయాక లోపలికి జరిపి, అలలకి అడ్డంగా కట్ట కట్టారు. ఆ కట్ట మీద ఎవరైనా నడవొచ్చు, కుక్కల్ని తీసుకుని, పిల్లల బండ్లు తోసుకుంటూ ఊరంతా అక్కడే ఉంటుంది. ఒక పక్క పసిఫిక్, ఇంకో పక్క పచ్చగడ్డి.

ఆ కట్ట మీద ఆయన ఆగిపోయారు. చాలాసేపు సముద్రం వైపు, తర్వాత కట్ట లోపలి నేల వైపు, మళ్లీ సముద్రం వైపు చూశారు. ఎత్తు ఎంతుంటుందో కళ్లతో కొలుస్తున్నారని నాకర్థమయ్యింది. 1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన. అప్పుడాయనకి కొత్తగా ఉద్యోగమొచ్చింది, ఊరికి వచ్చి చూసేసరికి ఏముందో ఇంట్లో ఎవరితోనూ ఎప్పుడూ చెప్పలేదని మా ఆవిడ అంటుంది. నాతోనూ చెప్పలేదు. ‘ఈ కట్ట ఆగదు బాబూ, ఎప్పుడో ఒకప్పుడు. కానీ అప్పటిదాకా ఉండాలి’ అన్నారంతే. తిరిగి కారెక్కేదాకా ఇంకేం మాట్లాడలేదు.

షార్ప్ పార్కు కూడా ఊరికే మిగల్లేదు. అక్కడి చెరువులో ఎర్రకాళ్ల కప్పలు, శాన్ ఫ్రాన్సిస్కో గార్టర్ స్నేక్ అనే అరుదైన పాము ఉన్నాయి, గోల్ఫ్ తీసేసి చిత్తడినేలగా వదిలేయాలని పర్యావరణంవాళ్లు కోర్టుకెక్కారు. 2011 డిసెంబర్‌లో సిటీ సూపర్‌వైజర్లు (మన కౌన్సిలర్ల లాంటివాళ్లు) కోర్సు మూసి ఆ స్థలాన్ని నేషనల్ పార్క్ సర్వీసుకి అప్పగించే దారిలో ఓటేస్తే మేయర్ ఎడ్ లీ వీటో చేశాడు. పాముల వైపు వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది, నేను కాదనను. నేను చూసింది ఏమిటంటే, ఇన్ని గొడవల మధ్య ఆ కోర్సుని నిలబెట్టింది సోమవారం పొద్దున తక్కువ డబ్బుతో ఆడుకునే రిటైరైన జనం. వాళ్లకి కూర్చోవడానికి ఆ పెంకుటిల్లు లేకపోతే వాళ్లంతా ఒక గుంపుగా ఎప్పటికైనా తయారయ్యేవాళ్లా అని నాకు అనుమానం.

బిల్డింగు పోతే ఏమవుతుందో చూడాలంటే ఫిలడెల్ఫియాలో కాబ్స్ క్రీక్ ఉంది. మా తోడల్లుడు ఆ చుట్టుపక్కలే ఉంటాడు, ఎప్పుడు వెళ్లినా ఆ పక్క నుంచే వెళ్తాం. 1916లో తెరిచిన మున్సిపల్ కోర్సు, నల్లవాళ్లని చాలా చోట్ల గేటు దగ్గరే ఆపేసే రోజుల్లో ఇక్కడ మొదటి నుంచీ అందరినీ ఆడనిచ్చారు. అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలు నడిపే పీజీఏ టూర్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు చార్లీ సిఫోర్డ్ ఆడిన కోర్సు ఇది. 2016 జనవరిలో క్లబ్‌హౌస్ కాలిపోయింది. 2020లో కోర్సే మూతపడింది. ఇప్పుడు విరాళాలు పోగేసిన ఒక ఫౌండేషన్ సిటీ దగ్గర లీజుకి తీసుకుని మొత్తం తిరిగి కడుతోంది, 2025లో టైగర్ వుడ్స్ ఫౌండేషన్ వాళ్లు పిల్లల కోసం అక్కడ లెర్నింగ్ ల్యాబ్ కూడా తెరిచారు. మంచి పనే, సందేహం లేదు. అయితే కాబ్స్ క్రీక్‌కి సిఫోర్డ్ పేరుంది, నూరేళ్ల చరిత్రుంది, చందాలిచ్చే కోటీశ్వరులున్నారు. మా ఊరి క్లబ్‌హౌస్‌కి గోడ మీద పటేల్ పేరు తప్ప ఏముంది?

మళ్లీ మా ఊరికొస్తాను. మామయ్యగారు తర్వాతి వారం నుంచి నేను ఆడినా ఆడకపోయినా పొద్దున్నే దింపమనేవారు. ఫైర్‌ప్లేసు పక్క బల్ల దగ్గర నలుగురు ముసలాయనలు క్రిబేజ్ ఆడతారు, చెక్క పలక మీద రంధ్రాల్లో పుల్లలు గుచ్చుతూ లెక్కపెట్టే పేకాట. మొదటి రోజు వెనక నిలబడి చూశారు. రెండో రోజు కుర్చీ ఇచ్చారు. మూడో రోజుకి ‘ఫిఫ్టీన్ టూ, ఫిఫ్టీన్ ఫోర్’ అని గట్టిగా లెక్కపెడుతున్నారు, ముప్ఫై ఏళ్లు ఆఫీసర్స్ క్లబ్‌లో రమ్మీ ఆడిన చెయ్యి, పేక కలిపే తీరు చూసి వాళ్లే నోరెళ్లబెట్టారట. ఆయన ఇంగ్లీషు వాళ్లకి సగమే అర్థమవుతుంది, వాళ్లది ఈయనకి పావు. ఒకాయన పాతరోజుల్లో కౌంటీలో రోడ్లేయించినవాడు, ఇద్దరూ నాప్కిన్ మీద డ్రైనేజీ వాలు గీసుకుని వాదించుకోవడం నేను చూశాను. ఆ నాప్కిన్ మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది.

రెండో మీటింగుకి ఆయన్నీ తీసుకెళ్లాను. కొత్త క్లబ్‌హౌస్ బొమ్మలు పెద్ద స్క్రీన్ మీద వేశారు, గాజు గోడలు, బయట దీపాలు, వైన్ గ్లాసులు పట్టుకుని నవ్వుతున్న జనం. ఆ బొమ్మల్లో యాభై దాటిన మనిషి ఒక్కడు లేడు. పాత మార్నింగ్ కాఫీ సంగతేంటని ఎవరో అడిగితే, పై అంతస్తులో కమ్యూనిటీ రూమ్ ఉంటుంది, లిఫ్ట్ ఉంటుంది, ముందుగా ఆన్‌లైన్లో బుక్ చేసుకోవచ్చు అన్నారు. మామయ్యగారు నా వైపు వంగి ఏమంటున్నారని అడిగారు, చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలి, ‘మేమూ ఇదే చెప్పాం’ అన్నారు.

ఇంటికొస్తూ కార్లో చెప్పిన కథ. ఆయన పనిచేసిన ఒకానొక ఊళ్లో బస్టాండు దగ్గర మున్సిపల్ రీడింగ్ రూమ్ ఉండేది, బెంచీలు, నాలుగు పేపర్లు, ఒక కుండ. స్థలం బంగారం లాంటిది, రాబడి సున్నా. కూల్చి షాపింగ్ కాంప్లెక్స్ కడదామన్నారు, ఎస్టిమేటు వేసింది ఈయనే. రీడింగ్ రూమ్ ఎక్కడికీ పోదు, రెండో అంతస్తులో ఇంతకన్నా పెద్దది ఇస్తాం అని కౌన్సిల్లో చెప్పారు, నిజంగానే ఇచ్చారు, ఫ్యాన్లు కూడా పెట్టారు. పేపరు చదివేవాళ్లంతా అరవై దాటినవాళ్లు, మెట్లెక్కలేక ఒక్కొక్కరే మానేశారు. ‘రెండేళ్లకి చిట్‌ఫండ్ ఆఫీసుకి అద్దెకిచ్చాం. ఆ లెటరు మీద సంతకం కూడా నాదే’ అన్నారు. అప్పటిదాకా రేడియోలో ఏదో పాట వస్తోంది, నేను ఆపేశాను.

నా భయం అదీ. కొత్త బిల్డింగు చెడ్డదని కాదు, బాత్రూములు బాగుంటాయి, కాఫీ బాగుంటుంది, వెజ్ బర్గర్ కూడా ఉంటుందేమో. కానీ గాజు గోడల అప్పు తీరాలంటే శని ఆదివారాలు పెళ్లిళ్లు జరగాలి. పెళ్లిళ్లు జరగాలంటే పొద్దున్నుంచే కుర్చీలకి తెల్లగుడ్డలు కట్టాలి. అప్పుడు ఒక్క కాఫీతో రెండు గంటలు కూర్చునే నలుగురిని ఎవరూ పొమ్మనక్కర్లేదు, వాళ్లకే అర్థమవుతుంది. అందుకే మైకు దగ్గర నాకిచ్చిన మూడు నిమిషాల్లో నేనన్నది ఇంతే. బాత్రూములు, కిచెన్, ర్యాంపు, చూరు, ఈ నాలుగూ చేయండి, డబ్బు లేకపోతే ఏడాదికొకటి చేయండి, ఆ గది జోలికి మాత్రం వెళ్లకండి, కార్పెట్టు మార్చినా సరే ఫైర్‌ప్లేసు పక్క బల్ల కదపకండి. టైమ్ అయిపోవస్తోందని పసుపు లైటు వెలిగేసరికి టెన్షన్‌లో సగం మర్చిపోయి గట్టర్లో ఓక్ మొక్క సంగతి చెప్పాను. అందరూ నవ్వారు. పార్కుల డిపార్ట్‌మెంటాయన రాసుకున్నాడు. తర్వాతి వారం వెళ్తే మొక్క లేదు, గట్టరు శుభ్రంగా ఉంది. ఎవరు తీశారో అడిగితే కౌంటర్లో అమ్మాయికి తెలీదు.

మామయ్యగారు ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. తీర్మానం ఇంకా రాలేదు, వేసవి తర్వాతంటున్నారు. క్రిబేజ్ ఆడే పెద్దాయన నన్ను చూసినప్పుడల్లా ‘ఇంజనీర్ ఎప్పుడొస్తాడు’ అని అడుగుతాడు, ఆ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వట్లేదట.

ఊరి పేరు చెప్పకపోయినా కనిపెట్టి మీరెవరైనా వెళ్లాలనుకుంటే: ఏడుకి ముందే వెళ్లండి, ఎనిమిది దాటితే బరిటో అయిపోతుంది. కాఫీ తాజాగా కాయమని మొహమాటం లేకుండా అడగండి, కాస్తారు. బాత్రూమ్‌కి వెళ్తే ఏదో ఒక పాట ఎత్తుకోండి. మొన్నటి వానకి నేను మూడో బల్ల దగ్గరే గంటన్నర కూర్చున్నాను, నీలం బకెట్టు ఇంకా అక్కడే ఉంది, అందులో స్కోరు కార్డులు మాత్రం తడవలేదు.